తొమ్మిదో సెల్లు

పెద్ద వరద వచ్చిపోయిన మూడో ఏడు. వేసవి సెలవులు అయిపోయి బళ్లు తెరిచే ముందు వారం.

షెడ్డు గోడ మీద వరద గీత అప్పటికింకా పోలేదు. రెండుసార్లు సున్నం కొట్టినా, ఛాతీ ఎత్తున, బురద రంగులో మళ్లీ పైకి తేలింది. ఆ గీత కింద రెండు బల్లలు. గుమ్మం పక్కనున్న బల్ల పెద్దాయనది. లోపల కిటికీ కిందున్నది ఆయన కోడలిది.

పెద్దాయన ముప్పై నాలుగేళ్లుగా సీసం బ్యాటరీలు బాగుచేస్తున్నాడు. ఆయన చొక్కాలన్నిటికీ పొట్ట దగ్గర ఆసిడ్ తిన్న చిల్లులే. వీధిలో అందరూ ఆసిడ్ బాబాయ్ అంటారు. వరద తగ్గిన వారంలో బురద పట్టిన బ్యాటరీలు పదిహేడు తెచ్చి ఆయన ముందు పడేశారు. కడిగాడు, ఆసిడ్ మార్చాడు, రెండ్రోజులు మెల్లగా చార్జి ఎక్కించాడు. పదిహేను లేచాయి. చచ్చినదాన్ని లేపే చెయ్యి అని పేరొచ్చింది. ఆ పేరు తప్ప ఆయన కూడబెట్టుకున్నది ఏమీ లేదు.

ఇప్పుడా పేరు గుమ్మం పక్క బల్ల నుంచి కిటికీ కింద బల్లకి జరిగిపోతోంది. అదీ ఆయన కళ్లముందే.

కోడలు పెళ్లికి ముందే ఏడాదిపాటు లిథియం బ్యాటరీల పని నేర్చుకుంది. కొడుకు లారీ మీద ఊళ్లు పట్టుకు తిరిగే మనిషి. ఖాళీగా ఉండలేనని ఆమె ఒక మూల బల్ల వేసుకుంటానంటే, సరేలే, నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాడు పెద్దాయన. వీధిలో పాత బళ్లు పోయి కరెంటు బళ్లు వచ్చేకొద్దీ ముచ్చట కాస్తా ముంచుకొచ్చింది. వచ్చినవాడు గుమ్మం దగ్గర ఆయనకి ఒక దండం పడేసి, "మేడం ఉందా బాబాయ్?" అని దాటిపోతాడు. మేడం! ఈ షెడ్డులో కొళాయి ఎటు తిప్పాలో కూడా తన దగ్గరే నేర్చుకున్న పిల్ల.

ఆయన పైకి ఏమీ అనేవాడు కాదు. ఊడ్చేటప్పుడు దుమ్ము అటు తోసేవాడు. ఫ్యాను ఇటు తిప్పుకునేవాడు. ఆమె మీటరు కీచుమన్నప్పుడల్లా పళ్లు నూరుకునేవాడు. రోజుకి ఎంతమంది తన బల్ల దాటిపోయారో లెక్కపెట్టేవాడు.

అన్నిటికంటే మండింది పలక సంగతి.

ఆయన దగ్గర చెక్క చట్రం పలక ఒకటుంది. చార్జి ఎక్కిన బ్యాటరీని ఆ రోజే ఇచ్చేయడం ఆయనకి అలవాటు లేదు. దాన్ని రెండు రాత్రులు పక్కన పడుకోబెట్టాలి. పడుకోబెట్టేముందు మీటరు పెట్టి పలక మీద అంకె వేయాలి. తెల్లారి చూడాలి, మర్నాడు మళ్లీ చూడాలి. అంకె దిగకపోతేనే గడప దాటించాలి. ఎవరైనా తొందరపెడితే, "నిజం నిలకడ మీద తెలుస్తుంది నాయనా" అని ఒక్క మాట అనేవాడు. ఆ పలక చెప్పాక ఆ వీధిలో రెండో మాట లేదు.

ఒకరోజు చూస్తే కోడలి బల్ల పైన మేకుకి కొత్త పలక ఒకటి వేలాడుతోంది. దాని మీద మూడు వరుసల అంకెలు, తను వేసినట్టే. ఆఖరికి సుద్దముక్క కూడా మిగల్చలేదు అనుకున్నాడు. ఆ పూట అన్నం సయించలేదు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకు? మన పిల్లేగా, సంపాదిస్తే మన ఇంటికేగా?" అంది ఆయన భార్య.

"నేనేమన్నానే ఇప్పుడు?"

"అనక్కర్లేదు. మీ మొహం సీసం రంగుకి తిరిగింది, కనపడట్లా?"

*

శుక్రవారం పొద్దున్నే వీధి మొదట్లో హారన్ మోగలేదు గానీ, హారనమ్మ వచ్చింది. బడిపిల్లల్ని ఆటోలో తిప్పుతుంది. దారిలో మేక అడ్డొచ్చినా, ఆకు అడ్డొచ్చినా హారన్ కొట్టందే ఊరుకోదు. ఆ రోజు ఆమె ఆటో తోసుకుంటూ వచ్చింది.

"రెండు నెలలు సెలవులు కదా వదినా, మూలన పెట్టా. ఇప్పుడు తాళం తిప్పితే చీమ కుట్టినట్టయినా లేదు. చార్జరు పెడితే ఎర్రలైటు. సోమవారం బడి!"

కోడలు సీటు ఎత్తి బ్యాటరీ ప్యాకు బయటికి తీసింది. పిల్లలు కూర్చునే సీటు కిందే ఉంటుంది అది. మూత విప్పితే లోపల పద్నాలుగు సెల్లులు వరుసగా, పుస్తకాలు పేర్చినట్టు. ఒక్కోదానికీ మీటరు పెట్టుకుంటూ వెళ్లింది.

"మూలన పెట్టేటప్పుడు చార్జి ఎంతుంది అక్కా?"

"ఏముంటుంది, సున్నా. ఎలాగూ తిప్పను కదా, నింపడం ఎందుకని..."

"అదే కొంప ముంచింది. సగం నింపి పెట్టాలి. సున్నాలో పెడితే లోపలుండే కాపలా బోర్డు కూడా కాస్త కాస్త చార్జి తాగుతూనే ఉంటుంది."

పెద్దాయన తన బల్ల దగ్గర నుంచే, మొహం ఇటు తిప్పకుండా అన్నాడు: "మా బ్యాటరీ కడుపు నిండా తింటేనే బతుకుతుంది. మీదేమో సగం కడుపుతో ఉండాలంటారు. నిండా తింటే జబ్బు, తినకపోతే చావు. ఇదేం పిల్ల, ఇదేం అలక!"

హారనమ్మ పకపకా నవ్వింది. కోడలూ నవ్వింది. "నిజమే మావయ్యా, అలకెక్కువే దీనికి."

తొమ్మిదో సెల్లు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. మిగతావన్నీ మూడు వోల్టుల పైన ఉన్నాయి. అది సున్నా పాయింట్ తొమ్మిది.

"పద్నాలుగు మంది చేతులు పట్టుకుని నడుస్తున్నారనుకో అక్కా. ఒకడు పడిపోయాడు. మిగతావాళ్లు నడుస్తామన్నా ఈ బోర్డు నడవనివ్వదు. అత్తగారి లాంటిది. అడ్డుపడుతుంది గానీ మన మంచికే."

"విన్నాలే!" అంది వెనక ఇంట్లోంచి అత్తగారు.

"మంచికే అన్నానుగా అత్తయ్యా!"

"పడిపోయినవాణ్ణి లేపచ్చుగా?" అంది హారనమ్మ.

"రెండు కిందకి పడ్డదాన్ని లేపకూడదు. సెల్లు మార్చాలి. తేవడానికి ఇవాళ వెళ్తున్నా, ఆదివారం సాయంత్రానికి వస్తా. రాగానే వేస్తా, సోమవారం మధ్యాహ్నానికి ఇస్తా."

"మధ్యాహ్నానికి బడి అయిపోతుంది వదినా! మొదటిరోజే రాకపోతే ఆ తల్లులు ఇంకో ఆటో చూసుకోరూ?"

కోడలు తొమ్మిదో సెల్లు మీద ఎర్రటేపు అంటించి, సంచీ తగిలించుకుని బస్సుకి వెళ్లింది. హారనమ్మ గుమ్మం దాటబోతూ పెద్దాయన బల్ల ముందు నిలబడింది.

"బాబాయ్. వరదలో మునిగినవాటిని లేపావు నువ్వు. దీన్ని లేపలేవూ?"

ఎన్నాళ్లకో ఒక మనిషి తన బల్ల ముందు నిలబడి అడిగింది. పెద్దాయన చేతిలో గుడ్డ కింద పెట్టాడు.

"చూద్దాంలే. నువ్వెళ్లు."

*

బోర్డు అడ్డం అన్నదిగా కోడలు. అడ్డం వచ్చేదాన్ని పక్కనుంచి దాటడం సీసం పనిలో ఆయనకి వెన్నతో పెట్టిన విద్య. పాత ఆరు వోల్టుల బ్యాటరీ ఒకటి తీశాడు. మధ్యలో కారు లైటు బల్బు ఒకటి కట్టాడు. పారే కరెంటుకి బల్బు పగ్గం. ఆ రెండు తీగలూ తొమ్మిదో సెల్లుకి తగిలించి, మీటరు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

బల్బు భగ్గుమంది. సున్నా తొమ్మిది. ఒకటిన్నర. రెండు. మెల్లగా బల్బు మసకబారుతోంది, సెల్లు లేస్తోంది. రెండూ ఎనభై. మూడు దాటింది. ఆయన ఒంట్లో రక్తం కూడా దాంతోపాటే లేచింది. ఎర్రటేపు పీకి ఉండచుట్టి అవతల పారేశాడు.

మధ్యాహ్నానికి ప్యాకుకి దాని చార్జరు పెట్టాడు. ఎర్రలైటు రాలేదు. పచ్చలైటు వచ్చింది. పక్కనున్న టీ కొట్టతను అది చూసి కొట్టు వదిలేసి వచ్చాడు.

"ఇది చచ్చిందని మేడం అన్నదే కదా బాబాయ్?"

"అన్నది."

"మరి?"

పెద్దాయన పచ్చలైటు వంక చూపించాడు. టీ కొట్టతను ఆ సంగతి వీధంతా పంచాడు. దీపాలు పెట్టే వేళకి నలుగురు వచ్చి చూసిపోయారు. పద్నాలుగు సెల్లులూ నాలుగూ పదికి వచ్చాయి, తొమ్మిదోదానితో సహా. పలక దించి, పద్నాలుగు అంకెలు వేసి, ప్యాకుని పడుకోబెట్టాడు. ఆ పూట రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు.

శనివారం పొద్దున మీటరు పెట్టాడు. పదమూడూ నిలబడ్డాయి. తొమ్మిదోది మూడూ తొంభై ఐదు.

మీటరు మొనలు తుడిచి మళ్లీ పెట్టాడు. మూడూ తొంభై ఐదు.

ఇదే సీసం బ్యాటరీ అయితే ఆయన ఒక్క క్షణం ఆలోచించడు. రాత్రికి రాత్రి ఊరికే దిగిందంటే లోపల ఎక్కడో కారుతోంది, పనికిరాదని రాసి పక్కన పారేసేవాడు. కానీ ఇది సీసం కాదు. ఇది చచ్చిందని చెప్పింది ఆమె. ఇది చచ్చిందని తను కూడా రాస్తే, ఆమె మాటే పలకెక్కినట్టు.

అలకలే, అలవాటు పడాలి అనుకున్నాడు. మళ్లీ బల్బు కట్టాడు. ఒకటి చాలక రెండు కట్టాడు. పొద్దంతా ఎక్కించి సాయంత్రానికి నాలుగూ పది చేశాడు. పొద్దుటి అంకె ఉండాల్సిన చోట నాలుగూ పది వేశాడు. అబద్ధం కాదుగా, ఇప్పుడు అంతే ఉందిగా అని తనకి తనే చెప్పుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి హారనమ్మ వస్తానంది. రెండింటికి మీటరు పెట్టాడు. మూడూ తొంభై రెండు. వేళ్ల వెనక భాగంతో ఒక్కో సెల్లునీ తాకి చూశాడు. పదమూడూ చల్లగా ఉన్నాయి. తొమ్మిదోది గోరువెచ్చగా ఉంది. దానికి ఏ తీగా తగిలించి లేదు, ఏ పనీ చేయడం లేదు. జ్వరం వచ్చిన పిల్లాడి నుదురులా ఉంది.

పలక తీసుకున్నాడు. సుద్దముక్క మొన పెట్టాడు. బయట టీ కొట్టు దగ్గర ఎవరో అంటున్నారు: "ఎంతైనా పాత చెయ్యి పాత చెయ్యే. మేడం ఇంకా నేర్చుకోవాలి."

నాలుగూ పది అని వేశాడు. ఈసారి తనకి తను ఏమీ చెప్పుకోలేదు.

హారనమ్మ వచ్చింది, పలక చూసింది, చేతులెత్తి దండం పెట్టింది. ప్యాకు సీటు కింద పెట్టి తాళం తిప్పగానే ఆటో జరజరా కదిలింది. వీధి చివరిదాకా హారన్ కొట్టుకుంటూ వెళ్లి, తిప్పుకుని, మళ్లీ కొట్టుకుంటూ వచ్చింది.

"రాత్రి చార్జి పెట్టకు," అన్నాడు పెద్దాయన. "ఆటో ఇంటికి దూరంగా, ఆరుబయట పెట్టు."

"అదేంటి బాబాయ్?"

"చెప్పింది చెయ్యి."

*

దీపాలు పెట్టాక కోడలు వచ్చింది. బస్సు దుమ్ము జుట్టు నిండా. సంచీలోంచి గుడ్డలో చుట్టిన కొత్త సెల్లు తీసి, పసిపిల్లని దించినట్టు బల్ల మీద దించింది. అప్పుడు చూసింది, ప్యాకు లేదని.

"హారనమ్మ తీసుకెళ్లింది," అన్నాడు పెద్దాయన. "లేపాను."

"తొమ్మిదోదాన్నా?"

"ఆ."

ఆమె మొహంలో కోపం వస్తుందనుకున్నాడు. దాని కోసమే మూడు రోజులుగా కాచుక్కూర్చున్నాడు. ఏమేం అనాలో వరసగా పేర్చిపెట్టుకున్నాడు. నువ్వు పుట్టకముందు నుంచి... అన్నది మొదటిది.

కోపం రాలేదు. భయం వచ్చింది. "మావయ్యా, అంత కిందకి పడితే లోపలుండే రాగిరేకు కరిగిపోతుందండి, నీళ్లలో ఉప్పులా. మళ్లీ చార్జి ఎక్కిస్తే ఆ రాగి తన చోట తాను పేరుకోదు. ఎక్కడపడితే అక్కడ ముళ్లలా మొలుస్తుంది. ఆ ముల్లు అటునుంచి ఇటు తగిలిందంటే లోపలే కాలుతుంది. ఆ సీటు మీద పిల్లలు..."

"పలక చూసుకో," అన్నాడు.

ఆమె పలక దగ్గరికి వెళ్లింది. తొమ్మిదో వరుస మీద వేలు పెట్టి చదివింది. నాలుగూ పది. నాలుగూ పది. నాలుగూ పది. తర్వాత భుజాలు దించి, గట్టిగా ఊపిరి వదిలింది.

"అమ్మయ్య. అయితే నేనే తప్పన్నమాట."

పెద్దాయన మీటరు తీగ చుట్టడం మొదలుపెట్టాడు.

"ముల్లు మొలిచి ఉంటే రెండు రాత్రుల్లో దిగాలి. దిగలేదు. నాకు నేర్పినవాళ్లు రెండు కింద పడితే పారెయ్యమన్నారంతే. నిద్ర పెట్టి చూడటం వాళ్లకి తెలీదు. ఇక్కడికొచ్చాక మీ దగ్గర చూసే నేనూ పలక పెట్టుకున్నా." నవ్వింది. "నిజం నిలకడ మీద తెలుస్తుందని మీరంటారుగా. మీ పలక చెప్పాక ఇంక నేను చెప్పేదేముంది?"

కొత్త సెల్లుని మళ్లీ గుడ్డలో చుట్టేసింది.

"ఇలాంటివే రెండు ప్యాకులు పనికిరావని పక్కన పెట్టా మావయ్యా. రేపు మీరు పక్కన కూర్చుని చూపించండి, నేను లేపుతా. బల్బు ఏది కట్టారు?"

కోరుకున్నదంతా దక్కింది. పేరు దక్కింది. పంతం దక్కింది. ఆమె నోటివెంటే తప్పు నాదన్న మాట కూడా దక్కింది. పెద్దాయన భోజనానికి లేచాడు. కంచం ముందు కూర్చుని అన్నంలో వేలితో గీతలు గీశాడు.

"ఒంట్లో బాలేదా?" అంది భార్య.

"బానే ఉంది."

"మీరు గెలిచారని వీధంతా చెప్పుకుంటున్నారు. గెలిచిన మొహమేనా ఇది?"

ఆయన కంచం పక్కకి జరిపాడు. వేళ్ల వెనక ఆ గోరువెచ్చదనం కడిగినా పోవడం లేదు.

*

మర్నాడు ఇంకా వెలుగు రాకముందే షెడ్డు తలుపు తీశాడు. అమ్మకానికి ఉంచిన సీసం బ్యాటరీలు నాలుగు, కొత్తవి, ఒక్కొక్కటే మోసి తోపుడు బండి మీద పెట్టాడు. నడుం పట్టేసింది. ఆగి, రుద్దుకుని, నాలుగోది కూడా పెట్టాడు. మీటరు చొక్కా జేబులో పెట్టుకుని, బండి తోసుకుంటూ మూడు వీధులు దాటి హారనమ్మ ఇంటికి వెళ్లాడు.

ఆమె చార్జరు తీగ చేతిలో పట్టుకుని ఆటో వైపు వస్తోంది.

"పెట్టకు!" అని అరిచాడు. ఆయన అరవడం ఆ వీధిలో ఎవరూ వినలేదెప్పుడూ. పక్కింట్లోంచి ఇద్దరు తొంగిచూశారు.

"ఏమైంది బాబాయ్?"

"ప్యాకు తీసేస్తున్నా. తొమ్మిదోది లేవలేదు."

"పలక మీద..."

"తప్పు రాశాను."

"పొరపాటా?"

తొంగిచూస్తున్న ఇద్దరి వంకా చూశాడు. "పొరపాటు కాదు. తెలిసే రాశాను. మా కోడలు చెప్పిందే నిజం."

హారనమ్మ చార్జరు తీగ చేతికి చుట్టుకుంటూ ఆయన్నే చూసింది. "పిల్లలెక్కే బండి బాబాయ్," అంది. అంతకంటే ఏమీ అనలేదు. అంటే బాగుండేదనిపించింది ఆయనకి.

"ఈ నాలుగూ కడతాను. మధ్యాహ్నానికి నీ ప్యాకు కొత్త సెల్లుతో వస్తుంది. అప్పటిదాకా వీటితో తిప్పు. బరువెక్కువ. మెల్లగా పోతుంది."

"ఎంత మెల్లగా?"

"హారన్ కొట్టే పని ఉండదు."

ఆమె నవ్వలేదు గానీ సీటు ఎత్తి పట్టుకుంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ప్యాకు విప్పి, నాలుగు బ్యాటరీలూ వరుసగా కట్టి బిగించాడు. ఆటో కదిలేదాకా నిలబడి చూసి, ప్యాకుని తోపుడు బండి మీద పెట్టుకుని తిరిగొచ్చాడు.

కోడలు అప్పుడే కిటికీ తెరుస్తోంది. పాత కారు బల్బు ఒకటి తుడిచి, తీగలు కట్టి, పక్కన పెట్టుకుంది. ఆయన ప్యాకు ఎత్తుకొచ్చి తన బల్ల దాటి, ఆమె బల్ల మీద దించాడు. మూత విప్పాడు. తొమ్మిదోదానికి మీటరు పెట్టి, ఆమెకి కనపడేలా తిప్పాడు. మూడూ ఎనభై మూడు.

ఆమె మీటరు చూసింది. తర్వాత గోడ మీది పలక చూసింది. తర్వాత ఆయన్ని చూసింది. మెల్లగా బల్బుకి కట్టిన తీగలు విప్పేసింది.

పెద్దాయన పలక దించాడు. తొమ్మిదో వరుసని తడిగుడ్డతో తుడిచి, ఆరేదాకా ఆగి, సుద్దముక్కతో మూడు అంకెలు మళ్లీ వేశాడు. మూడూ తొంభై ఐదు. మూడూ తొంభై రెండు. మూడూ ఎనభై మూడు. పలకని తీసుకెళ్లి గుమ్మం బయట, టీ కొట్టు వైపున్న మేకుకి తగిలించాడు. తర్వాత తన స్టూలు తెచ్చి కిటికీ కింద వేసుకున్నాడు.